ఒంగోలు మూడు నియమాలు

మనిషి దేవుని ఎదుట నిలిచేది ధర్మశాస్త్రం వలన కాదనీ, విశ్వాసం వలననేననీ పౌలు గలతీయులకు వ్రాశాడు. ఆ పౌలునే బోధించిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరి, విశ్వసించిన మాదిగలకు మూడు నియమాలు విధించాడు: ఆదివారం పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహారాధన చేయరాదు.

ఇది పౌలు వద్దన్న కాడియేనా? ఊరిచాకిరికి కట్టుబడినవాడికి ఆదివార నియమం ఒక విడుదల. చచ్చిన గొడ్డు మాంసం ఊరు అతనికి విధించిన వంతు. అది తినబోమనడం ఆ కట్టును తెంచుకోవడమే. ఊరిపెద్దల ఆగ్రహానికి కారణమిదే. దానికి ఎదురు నిలవడానికి విశ్వాసమే కావలసివచ్చింది.

కరువులో ఆపిన బాప్తిస్మాలు 1878లో మళ్ళీ మొదలయ్యాక, జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కనాడే 2,222 మంది మునిగారు. అయితే ఆ నియమాలతోనే ఒకరి భక్తిని మరొకరు కొలవబోయిన నాడు, పౌలు మాట మళ్ళీ గుర్తుచేసుకోవలసిందే.