టప్పుమన్న చప్పుడు మాటలైన కథ

1982లో అమెరికాలో కమడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్ వచ్చింది. మెమరీ 64 కిలోబైట్లు, ప్రాసెసర్ వేగం సెకనుకు సుమారు పది లక్షల సైకిళ్లు. దాని ప్రత్యేకత సిడ్ అనే సంగీతపు చిప్. మాస్ టెక్నాలజీ ఇంజనీరు బాబ్ యానెస్ దాన్ని రూపొందించాడు. మూడు స్వరాలను ఒకేసారి పలికించే సింథసైజర్ అది. అయితే రికార్డు చేసిన గొంతును వినిపించే ఏర్పాటు మాత్రం అందులో లేదు.

ఉన్నదల్లా ఒక లోపం. మొత్తం శబ్దాన్ని పెంచి తగ్గించే రిజిస్టర్‌లో 16 మెట్లు ఉంటాయి. ఏ స్వరమూ మోగకపోయినా అక్కడ అంకె మార్చగానే స్పీకర్ టప్పుమనేది. చిప్ లోపల నిలిచిపోయిన కొద్దిపాటి వోల్టేజి కూడా వాల్యూమ్‌తో పాటే మారడం ఇందుకు కారణం.

ప్రోగ్రామర్లు ఆ టప్పులో దారి చూశారు. ధ్వని తరంగం ఎత్తును సెకనుకు వేలసార్లు కొలిచి, ఆ అంకెలను అదే వేగంతో వాల్యూమ్ రిజిస్టర్‌లో వేస్తూ పోతే? విడివిడి చప్పుళ్లు కలిసిపోయి మాటగా వినబడ్డాయి! 1984లో వచ్చిన ఇంపాసిబుల్ మిషన్ ఆటలో విలన్ నోరు విప్పి మాట్లాడాడు.

ఇలా ధ్వనిని వినిపించే కోడ్ రాయడం మాత్రం అంత తేలిక కాదు. సెకనుకు 8,000 శాంపిళ్లు, అంటే కొలతలు, ఒక్కోటి అర బైటు అనుకుందాం. సెకను ధ్వనికి 4,000 బైట్లు కావాలి. మెమరీ మొత్తం ధారపోసినా పట్టేది 16 సెకన్లే. ఒక శాంపిల్‌కూ మరో శాంపిల్‌కూ మధ్య ప్రాసెసర్‌కు దొరికేది సుమారు 120 సైకిళ్లు. పైగా తెర గీసే చిప్ మధ్యమధ్యలో నలభైకి పైగా సైకిళ్లు లాగేసుకుంటుంది. శాంపిల్ కాస్త ఆలస్యమైతే చాలు, గొంతు గరగరలాడుతుంది. అందుకే కొందరు ధ్వని సాగుతున్నంతసేపూ తెరను ఆపేశారు. మరికొందరు టైమర్ పిలిచినప్పుడల్లా ఉన్న పని ఆపి, ఒక్క అంకె వేసి, మళ్లీ పనిలోకి వెళ్లేలా కోడ్ రాశారు. 1987లో ఆర్కనాయిడ్ ఆట కోసం మార్టిన్ గాల్వే కూర్చిన సంగీతంలో సిడ్ స్వరాలతో పాటు శాంపిళ్లూ మోగాయి.

ఆ తర్వాత చిక్కొచ్చి పడింది. కొత్త కమడోర్లలో 8580 అనే మెరుగైన సిడ్ పెట్టారు. అందులో పాత లోపం చాలావరకు పోయింది, దాంతో మాటలూ సన్నగిల్లాయి. ప్రోగ్రామర్లు దానికీ ఉపాయం కనిపెట్టారు. స్వరాలను ఒకే ఎత్తులో కదలకుండా నిలిపి, పోయిన వోల్టేజిని తామే పుట్టించారు.

2014లో మహోనీ అనే స్వీడన్ ప్రోగ్రామర్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఆ రిజిస్టర్‌లోని నాలుగు బిట్లే వాల్యూమ్‌వి, మిగతావి ఫిల్టర్ తదితర పనులకు ఉద్దేశించినవి. అతను ఎనిమిది బిట్లనూ వాడాడు. 256 విలువలకూ చిప్ ఇచ్చే వోల్టేజిని కొలిచి పట్టిక కట్టాడు. 16 మెట్ల చోట అంతకంటే ఎన్నో రెట్ల నాణ్యత దొరికింది.

ఇందుకోసం చిప్‌లో ఒక్క తీగా మార్చలేదు. 32 ఏళ్ల తర్వాత కూడా అది కొత్తగా పలికిందంటే, ఆ ఘనత దాన్ని ఓపికగా కొలిచి, అర్థం చేసుకుని, కోడ్ రాసినవాళ్లది. యంత్రం చేయగలిగిన పనులన్నీ దాని మాన్యువల్‌లో ఉండవు.