పెద్దమనిషి

పిహెచ్.డి. రోజుల్లో 'కన్యాశుల్కం' తొలి కూర్పు (1897)కి గురజాడ ఇంగ్లిషులో రాసిన పీఠిక దగ్గర చాలాసార్లు ఆగిపోయేదాన్ని. విజయనగరం మహారాజా ఆనందగజపతి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల శుల్క వివాహాల జాబితా తయారుచేయించారు. మూడేళ్ళలో 1034. అందులో అయిదేళ్ళకే పెళ్ళయినవాళ్ళు 99 మంది. నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు 6, ఏడాది పిల్లలు 3. అంకెలున్నాయి, పిల్లల మాటలు లేవు.

చట్టం కూడా అంకెలతోనే నడిచింది. 1891లో సమ్మతి వయసు 10 నుంచి 12కి పెరిగింది. ఆడపిల్ల పెళ్ళి వయసు 1929 శారదా చట్టంతో 14, 1949లో 15, 1978లో 18 అయింది.

ఇల్లు మాత్రం ఏళ్ళు లెక్కపెట్టలేదు, రజస్వలను లెక్కపెట్టింది. 'పెద్దమనిషి' అన్న మాట మగవాడికి గౌరవం, ఆడపిల్లకి కట్టడి. నాకు పన్నెండో ఏట పేరంటం చేశారు. ముందురోజు దాకా తొక్కుడుబిళ్ళ ఆడినదాన్ని. ఓణీ వేసి, "ఇంక గెంతులు మానెయ్" అన్నారు. పెళ్ళి మాటెత్తలేదు, చదివించారు. మా ఇంట్లో అదే సంస్కరణ. కానీ తమ్ముడి సైకిలు వీధిలోనే ఉంది, నేను గుమ్మం లోపలికొచ్చాను.

పెళ్ళి ఎప్పుడు చెయ్యాలన్న చర్చకి నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది. ఆట ఎప్పుడు ఆగిపోయిందన్నదానికి లేదు. ఆ జాబితా మహారాజులు తయారుచేయించేది కాదు. మన అమ్మమ్మలనడిగి, మనల్ని మనం అడిగి, మనమే రాసుకోవాలి.