నల్లద్దం చాటున లోలకం

ఒక కంటికి నల్లద్దం అడ్డుపెట్టుకుని, ఎదురుగా అడ్డంగా ఊగే లోలకాన్ని రెండు కళ్లతోనూ చూస్తే అది గుండ్రంగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. అద్దం ఎడమ కంటి ముందుంటే, కుడివైపు పోయేటప్పుడు దూరంగానూ ఎడమవైపు వచ్చేటప్పుడు దగ్గరగానూ తోస్తుంది. ఒంటికంటి చూపున్న జర్మన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ పుల్‌ఫ్రిష్ తాను చూడలేని ఈ వింతను 1922లో లోకానికి చెప్పాడన్నది వాడుకలో ఉన్న కథ. అది అబద్ధం కాదు గానీ పలచన. రెండు కళ్లకు బొమ్మలు వెనకాముందుగా అందితే లోతు భ్రమ కలుగుతుందని ద్వోర్జాక్ అనే శాస్త్రజ్ఞుడు 1872లోనే చూపాడు. వెలుతురు తగ్గిన కన్ను సమాచారాన్ని ఆలస్యంగా పంపుతుందన్న వివరణ కూడా పుల్‌ఫ్రిష్‌ది కాదు, జైస్ కంపెనీలో ఆయన సహోద్యోగి ఫెర్ట్ష్‌ది. ఆ సంగతి చెప్పినవాడు పుల్‌ఫ్రిష్ స్వయంగా.

రెండు కళ్ల వెలుతురులో తేడా పెరిగేకొద్దీ, పరిసరాల్లో మొత్తం వెలుతురు తగ్గేకొద్దీ భ్రమ పెరుగుతుందని 1949లో పరిశోధకుడు ఆల్ఫ్రెడ్ లిట్ కొలతలు తేల్చాయి. చాలా పుస్తకాలు ఇక్కడే ఆగిపోతాయి.

అసలు చిక్కు 1970లలో వచ్చింది. సిగ్నల్ లేని టీవీ తెరలా చుక్కలు మెరిసి మాయమయ్యే తెరను నల్లద్దంతో చూసినా, ఒక పొర ముందు ఒకవైపుకూ ఇంకో పొర వెనక ఎదురువైపుకూ కదులుతున్నట్టు కనిపిస్తుంది. అక్కడ ఊగే వస్తువే లేదు. ఆలస్యం వల్ల వస్తువు స్థానం పక్కకు జరిగినట్టు అనిపిస్తుందనే పాత లెక్క దీనికి నేరుగా అతకదు. కదలికనూ లోతునూ కలిపి గుర్తించే మెదడు కణాలే కారణమని 2001లో అన్జాయి బృందం వాదించింది. అలాంటి కణాలు ఉన్నమాట నిజమే. అయితే ఈ భ్రమకు అవి తప్పనిసరి అనడం తొందరపాటు. ఒక కంటికి ఇప్పుడు కనిపించిన చుక్క, మరో కంటికి కాస్త ముందు కనిపించిన చుక్కతో జతకూడితే చాలు, ఆ కణాలు లేకుండానే ఇలాంటి భ్రమలన్నీ పుడతాయని 2005లో రీడ్, కమ్మింగ్ చూపించారు. సాక్ష్యం బలం వీరివైపే ఉంది. అయినా కదలికనూ లోతునూ కలిపి గుర్తించే కణాల మాటే ఇంకా ఎక్కువగా వినబడుతోంది.

ఆలస్యం వెలుతురు ఒక్కదాని వల్లే రాదు. ఒక కంటికి దూరం చూపు, మరో కంటికి దగ్గరి చూపు సరిచేసే లెన్సులతో, మసకగా చూసే కన్నే కొన్ని మిల్లీసెకన్లు ముందుంటుందని 2019లో బర్జ్ బృందం కనుగొంది. పరీక్షించింది కొద్దిమందినే కాబట్టి, రోడ్డు ప్రమాదాల వరకూ దాన్ని సాగదీయడం ఇంకా సాహసమే. రోగుల విషయం అలా కాదు. కంటి నరం వాపు వచ్చినవారిలో నల్లద్దం లేకుండానే ఈ భ్రమ కలగవచ్చు. మంచి కంటికి రంగు అద్దం పెడితే తేడా సర్దుకోవచ్చు. ఇంత తేలిక ఉపాయం గురించి ఒక్క వాక్యమైనా రాయకుండా లోలకం బొమ్మతో సరిపెట్టడం పాఠ్యపుస్తకాల లోపమే.