మూత తీసే హక్కు

1959 అక్టోబరు 5న అమెరికాలో ఐబీఎం 1401 అనే కంప్యూటరును ప్రకటించింది. సరిగ్గా ఐదు రోజులకు, అక్టోబరు 10న, జవహర్‌లాల్ నెహ్రూ వరంగల్‌లో రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీకి శంకుస్థాపన చేశారు. ఆ వరుసలో దేశమంతటా పుట్టిన కాలేజీల్లో అదే మొదటిది. 2002లో ఎన్‌ఐటీ అయినా, పాతతరం నోట అది ఆర్‌ఈసీయే. ఈ రెండు ఘటనలకూ ఏ సంబంధమూ లేదు. కానీ ఇంట్లో మూలపడ్డ డెస్క్‌టాప్‌లో సర్వర్ ప్రాసెసర్ బిగించే ఈనాటి అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే, ఆ 1401 దగ్గరే మొదలుపెట్టాలి.

1964లో సిస్టమ్ 360 వచ్చాక సంపన్న దేశాల్లో 1401లు పక్కకు తప్పుకోసాగాయి. అలా తప్పుకున్నవి తుక్కులోకి పోలేదు. వాటిని బాగుచేసి మన దేశంలో అద్దెకిచ్చారు. రైల్వేలు, చమురు కంపెనీలు, పెద్ద పెద్ద సంస్థలు జీతాల బిల్లులూ స్టోర్ల లెక్కలూ వాటి మీదే చేసుకునేవి. యంత్రం ఐబీఎందే. అద్దె నెలనెలా కట్టాలి. చెడిపోతే ఆ కంపెనీ మనిషే వచ్చి మూత తీయాలి. 1970లలో పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ ఈ పద్ధతిని గట్టిగా తప్పుపట్టింది. విదేశీ వాటా 40 శాతానికి తగ్గించుకోవాలన్న విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం (ఫెరా) నిబంధనకు ఒప్పుకోక, 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లిపోయింది.

పాత సరుకు అంటగట్టారన్నదే ఆనాటి కోపమని ఇప్పటికీ చెబుతుంటారు. అది సగమే నిజం. ఐబీఎం వెళ్లిన తర్వాత వందలాది యంత్రాల నిర్వహణ ప్రభుత్వ సంస్థ కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్‌కు, అంటే సీఎంసీకి, వచ్చింది. మన ఇంజనీర్లు మూతలు తీశారు, బాగుచేశారు, నడిపించారు. యంత్రం పాతదే, అవమానం మాత్రం లేదు. అసలు కష్టమంతా పాతదనంలో కాక, దాన్ని విప్పే హక్కు లేకపోవడంలో ఉంది.

ఆ హక్కు కోసం తెలుగు నేల మీద గట్టి ప్రయత్నమే జరిగింది. 1967లో హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ పుట్టింది. 1969లో టీడీసీ-12 అనే కంప్యూటరును దేశంలోనే తయారుచేశారు. సీఎంసీ పరిశోధన కేంద్రం సికింద్రాబాద్‌లో వెలిసింది. వరంగల్ పక్కనున్న కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి పని చూసుకోవచ్చు. 1984 నాటి కంప్యూటర్ విధానం దిగుమతి సుంకాలు తగ్గించాక అసెంబుల్డ్ సిస్టమ్‌ల కాలం వచ్చింది. బోర్డు ఒకచోట, ర్యామ్ ఒకచోట, ఎస్‌ఎంపీఎస్ మరోచోట కొని క్యాబినెట్‌లో బిగించుకోవడం మామూలైపోయింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్, అందరి నోటా సీటీసీ, ఆ వ్యాపారానికి పెద్ద అడ్డా. ఆర్‌ఈసీ, 1980లో మొదలైన కిట్స్, చుట్టుపక్కల ఇంకెన్నో కాలేజీలున్న ఓరుగల్లుకు విడిభాగాలు వచ్చే దారుల్లో అది ముఖ్యమైనది.

ఇక సర్వర్ ప్రాసెసర్ సంగతి. ఇంటెల్ 1998లో సర్వర్ల కోసం జియాన్ అనే పేరు పెట్టింది. పేరు వేరు, ధర చాలా ఎక్కువ. లోపలి సిలికాన్ మాత్రం చాలాసార్లు ఇంటి ప్రాసెసర్లదే. 2007 చివర్లో వచ్చిన జియాన్ ఈ5450లో నాలుగు కోర్లు, 3 గిగాహెర్ట్జ్ వేగం, 12 ఎంబీ క్యాష్. కోర్ 2 క్వాడ్ క్యూ9650లోనూ ఇవే. కొన్నేళ్లకు డేటా సెంటర్లు సర్వర్లను గుంపుగా మార్చేసరికి ఈ5450లు సంచుల కొద్దీ బయటికొచ్చాయి. వాటిని పెట్టుకోవడానికి ఇళ్లలో బోర్డు లేదు. క్యూ9650 కోసమేమో పాత డెస్క్‌టాప్ ఉన్న ప్రతివాడూ వెతికాడు. ఒకటి కారుచౌక అయింది, మరొకటి ముసలిదైనా ధర దిగలేదు.

రెంటి మధ్యా అడ్డు చిన్నదే. సర్వర్ సాకెట్ పేరు 771, ఇంటి సాకెట్ పేరు 775. రెండు కాంటాక్టులు అటూఇటూ మారాయి, పక్కన గాట్లు వేరే చోట ఉన్నాయి. 2013 ప్రాంతంలో ప్రపంచమంతటా ఔత్సాహికులు దీనికి మందు కనిపెట్టి పంచుకున్నారు. వేలిగోరంత కూడా లేని స్టిక్కర్‌ను ప్రాసెసర్ అడుగున అంటిస్తే ఆ రెండు కాంటాక్టులూ తారుమారవుతాయి. సాకెట్ అంచున రెండు ప్లాస్టిక్ ముక్కలుంటాయి. వాటిని బ్లేడుతో నెమ్మదిగా కోసెయ్యాలి. బ్లేడు జారిందా, వెంట్రుకల్లాంటి పిన్నులు వంగి బోర్డే పోతుంది. అది గట్టెక్కాక బయోస్‌లో ఆ ప్రాసెసర్ మైక్రోకోడ్ చేర్చి ఫ్లాష్ చెయ్యాలి. ఆ కాసేపట్లో కరెంటు పోతే బోర్డు మళ్లీ లేవకపోవచ్చు. యూపీఎస్ లేకుండా ఎవరూ ఈ సాహసం చెయ్యకూడదు.

మన దగ్గర అసెంబుల్డ్ సిస్టమ్‌లలో విరివిగా వాడిన జీ41 బోర్డులకు ఇది పెద్ద వరమైంది. రెండు కోర్ల ప్రాసెసర్ తీసి నాలుగు కోర్లది పెట్టుకోవచ్చు. అయితే 80 వాట్ల ఈ5450కి తట్టుకునే బోర్డు, 120 వాట్ల ఎక్స్5460 కింద వేడెక్కి అవస్థ పడుతుంది. పేరు చూసి పెద్దది కొన్నవాళ్లకంటే వాట్లు చూసి కొన్నవాళ్లే సుఖపడ్డారు.

తర్వాతి తరాలకు బ్లేడుతో పనిలేదు. 2010 నాటి ఆరు కోర్ల ఎక్స్5650 ఎక్స్58 బోర్డుల్లో నేరుగా కూర్చుంటుంది. 2012లో వచ్చిన ఈ3-1230 వీ2 కోర్ ఐ7-3770కి తోబుట్టువే. లోపల గ్రాఫిక్స్ లేదు కాబట్టి విడిగా కార్డు పెట్టుకోవాలి, అంతే. ఇక ఎనిమిది కోర్ల ఈ5-2670 కథ అన్నిటికంటే గొప్పది. 2012 మార్చిలో దాని ధర 1,552 డాలర్లు. డేటా సెంటర్లు దాన్ని వదిలించుకున్నాక, 2016కల్లా డెబ్భై డాలర్ల దగ్గరికి దిగింది. చిప్ అరిగిపోయి కాదు. డేటా సెంటరుకు కరెంటు, చోటు, వారంటీ లెక్కలే ముఖ్యం, ఆ లెక్క తప్పిన రోజే సర్వర్ బయటికి పోతుంది. ఇంట్లో వీడియో ఎడిట్ చేసుకునేవాడి లెక్క వేరు. గిరాకీ చూసి షెన్‌జెన్ తయారీదారులు పాత బోర్డుల నుంచి ఊడదీసిన చిప్‌సెట్లతో ఎక్స్79 బోర్డులు కొత్తగా చేసి అమ్మారు.

బోర్డు కోసం వెతకడం ఇష్టంలేనివాళ్లు ఆఫీసులు వదిలేసిన వర్క్‌స్టేషన్లు కొంటారు. హెచ్‌పీ జెడ్420 అలాంటిదే. కొనేముందు బయోస్ తెర మీద బూట్ బ్లాక్ తేదీ చూడాలి. 2013 ఉంటే ఈ5 రెండో వెర్షన్ ప్రాసెసర్లు కూడా పనిచేస్తాయి, 2011 ఉంటే మొదటి వెర్షన్‌తోనే సరిపెట్టుకోవాలి. బయోస్ అప్‌డేట్ చేసినా ఆ తేదీ మారదు.

2015లో ఇంటెల్ ఈ దారి ఒకవైపు మూసేసింది. ఆ ఏడాది వచ్చిన ఈ3 వీ5 జియాన్లు సీ232, సీ236 చిప్‌సెట్లున్న బోర్డుల్లో తప్ప పనిచెయ్యవు. సాకెట్ అదే, ప్రాసెసర్ సరిగ్గా కూర్చుంటుంది, సిస్టమ్ మాత్రం లేవదు. దీన్ని సాంకేతిక అవసరం అనడం కష్టం. అద్దె యంత్రాల రోజుల్లో మూతకు ఉన్న తాళమే ఇక్కడ మరో రూపంలో కనిపిస్తుంది.

ఇంకో మూత సాఫ్ట్‌వేర్ వేసింది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్, ఎస్‌ఎస్‌ఈ 4.2 ఆదేశాలు లేని ప్రాసెసర్ల మీద బూట్ కాదు. ఈ5450లో అవి లేవు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఎక్స్5650, ఈ5-2670లలో ఆ ఆదేశాలున్నా విండోస్ 11 కోసం మైక్రోసాఫ్ట్ ఆమోదించిన జాబితాలో వాటి పేర్లు లేవు. డెబియన్, మింట్ వంటి లినక్స్‌లకు ఈ పట్టింపు లేదు. స్టిక్కర్ అంటించిన ఈ5450 ఉన్న జీ41 బోర్డుకు ఒక ఎస్‌ఎస్‌డీ తగిలించి, ర్యామ్‌ను ఆ చిప్‌సెట్ గరిష్ఠ పరిమితి అయిన 8 జీబీకి పెంచితే, సీ ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థికీ, జిరాక్స్ షాపులో డీటీపీ చేసుకునేవాళ్లకూ ఆ సిస్టమ్ ఇప్పటికీ నిక్షేపంగా పనికొస్తుంది.