బిడ్డయు, ఇల్లును, ఊరును



ఇల్లు చెదరిన బిడ్డను ఎవరు చేరదీయవలెను? ఈ ప్రశ్న మన ఊళ్ళకు క్రొత్తది కాదు. జహీరాబాదు ప్రాంతపు చరిత్రను ఆధారముగా గొని, దీనినిగూర్చి నాలుగు మాటలు విన్నవింప గోరుచున్నాను.

పూర్వము తల్లిదండ్రులు లేని బిడ్డను అమ్మమ్మయో, మేనమామయో, పెదతండ్రియో చేరదీసెడివారు. తగవు వచ్చినచో పెద్దలు రచ్చబండకడ కూర్చుండి తీర్చెడివారు. ఇది మన ఆచారమందలి మేలు. అందలి కీడునుగూడ దాచరాదు. 1956 వరకు ఈ తాలూకా బీదరు జిల్లాలోనిది. 1948 వరకు నైజాము ఏలుబడిలోనిది. ఆ రాజ్యమున భగేలా అను పద్ధతి యుండెను. అప్పు తీర్చలేనివాడు ఋణదాతయొద్ద పాలేరుగా కట్టుబడెడివాడు. తండ్రి అప్పునకు కొడుకు పసులు కాచుటయు కలదు. ఆ ఒడంబడికలను అదుపు చేయుటకు 1936లో శాసనము పుట్టినది. 1976 నాటి చట్టము వెట్టిచాకిరిని దేశమంతట నిషేధించినది. ఆ దినములలో పెద్దల మాట చెల్లెనేగాని, బిడ్డ మాట అడిగినవారు అరుదు.

1983లో జహీరాబాదు చెంతనున్న పస్తాపూరున దక్కను డెవలప్‌మెంటు సొసైటీ వెలసినది. అందలి మహిళా సంఘములు ఊళ్ళలో బాలవాడీలు నడపినవి. చిన్నవానికి బాలవాడి దొరకినచో, వానిని ఎత్తుకొని తిరుగు అక్కకు బడి దొరకును. తల్లి నిశ్చింతగా కూలికి పోగలదు. ఒక్క బిడ్డను ఆదుకొన్నచో ఇల్లంతయు నిలిచినట్లే గదా!

రంగారెడ్డి జిల్లా శంకరపల్లిలో 1991 నుండి మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషనువారు పనిపిల్లలను బడికి మరల్చుటకు పూనుకొనిరి. వారు తల్లిదండ్రులను దూషింపలేదు, నచ్చజెప్పిరి. పిల్లలను విడిచిపెట్టిన యజమానులను సభలలో సన్మానించిరి. ఈ కృషికి నాయకత్వము వహించిన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే బహుమానము లభించినది.

దూరదేశమగు న్యూజీలండునందును ఇట్టి ఆలోచనయే చట్టమైనది. మావోరీ బిడ్డలను అధికారులు కుటుంబములనుండి వేరుచేయుటపై ఆ జాతివారు మొరపెట్టిరి. 1989లో చేసిన చట్టము కుటుంబ సభకు చోటిచ్చినది. బిడ్డకు ఆపద కలిగినపుడు బంధువులెల్ల కూడి ఉపాయము నిర్ణయింతురు. బాలుడు తప్పు చేసినచో నష్టపోయినవారినిగూడ ఆ సభకు పిలిచి, జరిగిన కీడును సరిదిద్దు మార్గము వెదకుదురు.

మన దేశమున 2015 నాటి బాలల న్యాయ చట్టము, బిడ్డను పెంచు ప్రథమ బాధ్యత కుటుంబముదేయనియు, అనాథాశ్రమము కడపటి ఉపాయమనియు, బిడ్డ మాట వినవలెననియు విధించినది. ఆపదలోనున్న బిడ్డను ప్రయాణకాలము గాక 24 గంటలలోగా జిల్లా బాలల సంక్షేమ సమితి యెదుట నిలుపవలెను.

పెద్దలారా! ఇచ్చట ఒక హెచ్చరిక. బిడ్డను కొట్టి హింసించినను, చెరచినను, పరువునకు వెరచి రచ్చబండకడ రాజీ చేయరాదు. అట్టి యెడ 1098 నంబరునకు ఫోను చేసి తెలుపుడు. బిడ్డ క్షేమము ముందు, ఇంటి పరువు తరువాత.

కాని పేదరికమువలననో, తల్లిదండ్రుల కలహమువలననో, తాగుడువలననో చెదరిన ఇండ్లు అనేకములు. అట్టివానిని నిలబెట్టుట మీ చేతిలోనున్నది. బంధువులను పిలువుడు, తల్లి చెప్పునది వినుడు, అన్నిటికంటె ముందు బిడ్డను మీ ప్రక్కన కూర్చుండబెట్టుకొని, నీకేమి కావలెనని అడుగుడు. మన తాతల రచ్చబండకు కొరతయైనది ఆ ఒక్క ప్రశ్నయే.