లైసెన్సు తుపాకితో రాష్ట్ర సరిహద్దు దాటే సందర్భంలో పాటించవలసిన నిబంధనలు

(ప్రత్యేక వ్యాసం)

ఆయుధ లైసెన్సు కలిగి ఉండటం ఒక ఎత్తు. ఆ ఆయుధాన్ని వాహనంలో వెంట ఉంచుకొని ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి ప్రయాణించడం మరొక ఎత్తు. బ్యాంకుల వద్ద కాపలా విధులు నిర్వహించే మాజీ సైనికులు, నగదు తరలించే వాహనాల సాయుధ గార్డులు, షూటింగ్ పోటీలకు వెళ్లే క్రీడాకారులు, ఆత్మరక్షణ నిమిత్తం లైసెన్సు పొందిన వర్తకులు, వ్యవసాయదారులు ఏదో ఒక సందర్భంలో తుపాకితో సరిహద్దు దాటవలసి వస్తుంది. చెక్‌పోస్టు వద్ద వాహనాన్ని ఆపినప్పుడు "లైసెన్సు ఉన్నది" అనే సమాధానం ఒక్కటే సరిపోదు. ఆ లైసెన్సు ఆ ప్రాంతంలో చెల్లుతుందా, ఆయుధం నిబంధనల ప్రకారం ఉంచబడినదా, అది లైసెన్సుదారుని అధీనంలోనే ఉన్నదా అనే అంశాలను అధికారులు పరిశీలిస్తారు. ఈ విషయాలలో అవగాహన లోపించిన కారణంగా చట్టబద్ధంగా ఆయుధం పొందిన వ్యక్తి సైతం కేసులో చిక్కుకునే ప్రమాదం ఉన్నది.

చట్టం, నియమావళి

మన దేశంలో తుపాకుల వ్యవహారమంతా ఆయుధాల చట్టం, 1959కి లోబడి సాగుతుంది. ఈ చట్టం కింద తొలుత 1962 నియమావళి అమలులో ఉండగా, దాని స్థానంలో కేంద్ర ప్రభుత్వం ఆయుధాల నియమావళి, 2016ను తీసుకువచ్చింది. 2019లో చేసిన చట్ట సవరణ ద్వారా ఒక వ్యక్తి కలిగి ఉండదగిన తుపాకుల గరిష్ఠ సంఖ్య మూడు నుండి రెండుకు తగ్గించబడినది. లైసెన్సు కాలపరిమితి మూడు సంవత్సరాల నుండి ఐదు సంవత్సరాలకు పెంచబడినది. లైసెన్సుల వివరాలను జాతీయ డేటాబేస్‌లో నమోదు చేసి, ప్రతి లైసెన్సుదారునికి ఒక విశిష్ట గుర్తింపు సంఖ్యను కేటాయించే విధానం కూడా అమలులోనికి వచ్చినది. కావున పాత లైసెన్సు పుస్తకం గలవారు అందులో ఈ సంఖ్య నమోదైనదీ లేనిదీ ముందుగా సరిచూసుకొనవలెను.

చెల్లుబాటు ప్రాంతమే కీలకం

లైసెన్సు పుస్తకంలో ఆయుధం వివరాలు, తూటాల పరిమితి, గడువు తేదీలతో పాటు ఆ లైసెన్సు ఏ ప్రాంతంలో చెల్లుతుందో తెలిపే గడి ఒకటి ఉంటుంది. అందులో జిల్లా పేరు మాత్రమే ఉన్నచో ఆ జిల్లా వరకే, రాష్ట్రం పేరు ఉన్నచో ఆ రాష్ట్రం వరకే ఆయుధాన్ని తీసుకువెళ్లే అధికారం లభిస్తుంది. దేశమంతటా చెల్లుబాటు అని పేర్కొన్న లైసెన్సుతో మాత్రమే ఏ రాష్ట్రానికైనా వెళ్లవచ్చును.

దేశవ్యాప్త చెల్లుబాటు కోరిన ప్రతివారికీ లభించేది కాదు. దరఖాస్తుదారుని వృత్తి, అవసరం, ప్రాణహాని వంటి అంశాలను పరిశీలించిన మీదట మాత్రమే దానిని మంజూరు చేస్తారు. ప్రయాణ అవసరం ఉన్నవారు తగినంత ముందుగా లైసెన్సు జారీ చేసిన అధికారికి, అనగా జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరుకు గాని, పోలీసు కమిషనరేట్ల పరిధిలో కమిషనరుకు గాని, కారణాలు వివరిస్తూ దరఖాస్తు చేసుకొనవలెను. దరఖాస్తు సమర్పించినంత మాత్రాన అనుమతి లభించినట్లు కాదు. పుస్తకంలో అధికారి నమోదు చేసిన పిమ్మటే బయలుదేరవలెను.

పంటలను అడవి జంతువుల బారి నుండి కాపాడుకొనుటకు ఇచ్చిన లైసెన్సుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అవి నిర్దేశిత ప్రాంతానికీ, నిర్దేశిత ప్రయోజనానికీ పరిమితమైనవి. ఆ తుపాకిని పొరుగు రాష్ట్రంలోని బంధువుల ఊరికి తీసుకువెళ్లడానికి అవి అధికారమివ్వవు.

మారిన సరిహద్దులు

తెలుగు ప్రాంతాలలో ఈ అంశానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. 2014 జూన్ 2కు పూర్వం హైదరాబాదు నుండి విజయవాడకు గాని, కర్నూలుకు గాని వెళ్లే లైసెన్సుదారుడు ఒకే రాష్ట్రంలో ప్రయాణించేవాడు. నేడు కోదాడ దాటి జగ్గయ్యపేట వైపు సాగినా, అలంపూర్ దాటి కర్నూలు చేరినా అది అంతర్రాష్ట్ర ప్రయాణమే. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండగా, దానిని ఆనుకొని ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది. అక్కడి నుండి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్లే వాహనం కొద్ది దూరంలోనే ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి వెళ్లి, తిరిగి మొదటి రాష్ట్రంలో ప్రవేశిస్తుంది. ఇట్టి చోట్ల సరిహద్దు దాటిన సంగతి ప్రయాణికునికి తెలియకపోవచ్చును. కాని తెలియకపోవడం చట్టం ముందు మినహాయింపు కాజాలదు.

జిల్లాల స్వరూపం కూడా మారినది. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31గా, 2019 ఫిబ్రవరిలో 33గా ఏర్పాటైనవి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26గా పునర్వ్యవస్థీకరించబడినవి. పాత జిల్లా పేరుతోనో, ఉమ్మడి రాష్ట్రం పేరుతోనో లైసెన్సు పొందినవారు తమ ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉన్నదో, తమ లైసెన్సును ఏ కార్యాలయం పర్యవేక్షిస్తున్నదో, చెల్లుబాటు ప్రాంతం ఏ విధంగా నమోదై ఉన్నదో సంబంధిత అధికారిని సంప్రదించి రాతపూర్వకంగా స్పష్టం చేసుకొనుట శ్రేయస్కరం.

వాహనంలో ఆయుధాన్ని ఉంచే విధానం

బహిరంగ ప్రదేశాలలో ఆయుధాన్ని ప్రదర్శించుట, ఝుళిపించుట నిషిద్ధం. పిస్టల్, రివాల్వర్ వంటి చిన్న ఆయుధాలను హోల్‌స్టర్‌లో గాని, తగిన సంచిలో గాని బయటకు కనిపించకుండా ఉంచవలెను. రైఫిళ్లు, ఇతర పొడవు తుపాకులను వాటి కవరులో లేదా పెట్టెలో ఉంచి తీసుకువెళ్లవలెను. ప్రయాణ సమయంలో తూటాలను తీసివేసి, ఆయుధాన్ని, తూటాలను వేర్వేరుగా తాళం వేసిన పెట్టెలలో భద్రపరచుట ఉత్తమం. తూటాల సంఖ్య లైసెన్సులో పేర్కొన్న పరిమితికి మించరాదు.

భోజనం కొరకో, విశ్రాంతి కొరకో దారిలో ఆగినప్పుడు తుపాకిని కారులో వదిలివెళ్లడం మిక్కిలి ప్రమాదకరం. వాహనంతో పాటు ఆయుధం కూడా చోరీకి గురైనచో అది ఎవరి చేతికి చేరుతుందో, ఏ నేరానికి ఉపయోగపడుతుందో చెప్పలేము. ప్రత్యేక అనుమతి లేనిదే జాతరలకు, మతపరమైన ఊరేగింపులకు, ఇతర జనసమూహాలలోనికి, విద్యాసంస్థల ఆవరణలోనికి ఆయుధాన్ని తీసుకువెళ్లరాదన్నది లైసెన్సు షరతులలో ఒకటి. పెళ్లి నిమిత్తం పొరుగు రాష్ట్రానికి వెళుతూ తుపాకి వెంట తీసుకువెళ్లేవారు ఒక విషయం గుర్తుంచుకొనవలెను. వేడుకలలో ఇతరుల ప్రాణాలకు ముప్పు కలిగే విధంగా కాల్పులు జరిపినచో రెండు సంవత్సరాల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించే నిబంధన 2019 సవరణతో చట్టంలో చేరినది.

ఆయుధం ఎవరి వెంట ఉండవలెను?

లైసెన్సు వ్యక్తికి ఇచ్చినదే గాని వాహనానికో, కుటుంబానికో ఇచ్చినది కాదు. యజమాని తుపాకిని డ్రైవరుకు అప్పగించి, తాను రైలులోనో విమానంలోనో వెళ్లడం పొరపాటు. అయితే చట్టంలోని సెక్షన్ 3 ఒక పరిమిత వెసులుబాటు కల్పించినది. లైసెన్సుదారుని సమక్షంలో గాని, అతడు ఇచ్చిన రాతపూర్వక అధికారపత్రంతో గాని, మరొక వ్యక్తి ఆయుధాన్ని తీసుకువెళ్లవచ్చును. అదియు ఆయుధం మరమ్మతు, లైసెన్సు నవీకరణ, లేదా లైసెన్సుదారుడు స్వయంగా ఉపయోగించుకొనుట అనే మూడు ప్రయోజనాలకు మాత్రమే. ఈ వెసులుబాటు లైసెన్సు చెల్లుబాటు ప్రాంతాన్ని విస్తరింపజేయదని గ్రహించవలెను.

నగదు తరలించే వాహనాలకు కేంద్ర హోం మంత్రిత్వ శాఖ 2018లో ప్రత్యేక నియమాలను ప్రకటించినది. వాటి ప్రకారం వాహనంలో డ్రైవరుతో పాటు ఇద్దరు సాయుధ గార్డులు, ఇద్దరు నగదు సంరక్షకులు ఉండవలెను. ఒక ప్రయాణంలో ఐదు కోట్ల రూపాయలకు మించి తరలించరాదు. ఇట్టి వాహనాలలో పనిచేసే మాజీ సైనికులు సంస్థ ఇచ్చిన గుర్తింపు కార్డుతో సరిపెట్టుకోక, తమ లైసెన్సు మార్గంలోని అన్ని రాష్ట్రాలలో చెల్లుతుందని నిర్ధారించుకొనవలెను. సంస్థలు కూడా విధుల కేటాయింపులో ఈ అంశాన్ని పరిగణనలోనికి తీసుకొనవలెను. సరిహద్దు ఆవల కేసు నమోదైనచో ముందుగా ఇబ్బంది పడేది నెలజీతంపై బతికే గార్డే.

తనిఖీ సమయంలో

ఆయుధం తీసుకువెళుతున్న వ్యక్తిని లైసెన్సు చూపించమని కోరే అధికారం సెక్షన్ 19 కింద ప్రతి పోలీసు అధికారికీ ఉన్నది. లైసెన్సు చూపించలేనిచో పేరు, చిరునామా తెలుసుకొని, అవసరమని భావించినచో ఆయుధాన్ని స్వాధీనం చేసుకొనవచ్చును. పేరు చెప్పుటకు నిరాకరించినా, తప్పుడు పేరు చెప్పినట్లు అనుమానం కలిగినా వారెంటు లేకుండానే అరెస్టు చేయవచ్చును. వాహనాలను ఆపి సోదా చేసే అధికారం సెక్షన్ 23లో ఉన్నది.

సెక్షన్ 20 మరింత గమనింపదగినది. లైసెన్సు ఉన్నప్పటికీ, ఆయుధాన్ని చట్టవిరుద్ధ కార్యానికి తీసుకువెళుతున్నట్లు తగిన అనుమానం కలిగించే పరిస్థితులలో కనిపించిన వ్యక్తిని అరెస్టు చేయవచ్చునని అది తెలుపుతున్నది. కావున తనిఖీ అధికారి ప్రశ్నించక మునుపే వాహనంలో ఆయుధం ఉన్నదని తెలియజేసి, దానిని తాకకుండా, ముందుగా లైసెన్సు పుస్తకాన్ని చూపించడం ఇరువురికీ క్షేమకరం. ఆయుధాన్ని స్వాధీనం చేసుకున్నచో రసీదు కోరి తీసుకొనవలెను.

అభయారణ్యాల మీదుగా ప్రయాణం

హైదరాబాదు నుండి శ్రీశైలం వెళ్లే రహదారి మన్ననూరు దాటిన తరువాత అమ్రాబాద్ పులుల అభయారణ్యం మీదుగా సాగుతుంది. కృష్ణానదికి ఆవల నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తరించి ఉన్నది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని సెక్షన్ 31 ప్రకారం ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని లేదా అధీకృత అధికారి ముందస్తు రాతపూర్వక అనుమతి లేనిదే ఎవరూ ఆయుధంతో అభయారణ్యంలో ప్రవేశించరాదు. దేశవ్యాప్త చెల్లుబాటు గల లైసెన్సు సైతం ఈ అనుమతికి ప్రత్యామ్నాయం కాదు. మల్లన్న దర్శనానికి వెళ్లే భక్తులు ఆయుధాన్ని వెంట తీసుకువెళ్లకుండుటే మేలు.

ఎన్నికలు, నిషేధాజ్ఞలు

ఎన్నికల ప్రవర్తనా నియమావళి అమలులో ఉన్న కాలంలో లైసెన్సు ఆయుధాలను తీసుకువెళ్లడంపై ఆంక్షలు విధించబడతాయి. స్క్రీనింగ్ కమిటీ పరిశీలన అనంతరం సూచించినవారు ఆయుధాలను డిపాజిట్ చేయవలసి ఉంటుంది. రెండు రాష్ట్రాలలో ఎన్నికలు ఒకే సమయంలో జరగకపోవచ్చును. 2023లో తెలంగాణ శాసనసభ ఎన్నికల షెడ్యూలు అక్టోబరు 9న వెలువడగా, ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు 2024 మే 13న జరిగినది. స్వరాష్ట్రంలో ఆంక్షలు లేకపోయినా గమ్యస్థానంలో ఉండవచ్చును. అదే విధంగా 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని సెక్షన్ 163 కింద, అనగా పూర్వపు 144 సెక్షన్ స్థానంలో, జారీ అయిన నిషేధాజ్ఞలను కూడా తెలుసుకొనవలెను.

ఉల్లంఘనకు శిక్షలు

లైసెన్సు షరతులను ఉల్లంఘించినచో సెక్షన్ 30 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. లైసెన్సు లేకుండా తుపాకి కలిగి ఉండటం, తీసుకువెళ్లడం మరింత తీవ్రమైన నేరం. 2019 సవరణ అనంతరం దీనికి కనీసం రెండు సంవత్సరాలు, గరిష్ఠంగా ఐదు సంవత్సరాల జైలుశిక్ష, జరిమానా ఉన్నవి. గడువు ముగిసిన, లేదా ఆ ప్రాంతంలో చెల్లని లైసెన్సుతో పట్టుబడినవారిపై ఈ తీవ్ర సెక్షన్ కింద కేసు నమోదయ్యే అవకాశం ఉన్నది. వీటికి అదనంగా లైసెన్సు సస్పెన్షన్‌కు, రద్దుకు కూడా గురికావచ్చును. ఇట్టి ఉత్తర్వులపై అప్పీలు చేసుకునే హక్కును సెక్షన్ 18 కల్పించినది.

బయలుదేరే ముందు సరిచూసుకొనవలసినవి

1. లైసెన్సు గడువు తిరుగు ప్రయాణం పూర్తయ్యే వరకు ఉన్నదా? గడువు ముగిసినచో ఆయుధాన్ని జాప్యం లేకుండా సమీప పోలీసు స్టేషన్‌లో గాని, లైసెన్సు పొందిన డీలరు వద్ద గాని డిపాజిట్ చేయవలెను.

2. మార్గంలోని ప్రతి రాష్ట్రం, ప్రతి జిల్లా చెల్లుబాటు ప్రాంతంలో ఉన్నవా?

3. ఆయుధంపై గల సంఖ్య, లైసెన్సులో నమోదైన సంఖ్య ఒకటేనా?

4. అసలు లైసెన్సు పుస్తకం, గుర్తింపు పత్రం వెంట ఉన్నవా? క్రీడాకారులైనచో పోటీ నిర్వాహకుల ఆహ్వానపత్రం కూడా ఉంచుకొనుట మంచిది.

5. మార్గంలో అభయారణ్యం గాని, నిషేధాజ్ఞలు అమలులో ఉన్న ప్రాంతం గాని ఉన్నదా?

6. ఆయుధం లేదా తూటాలు పోయినచో వెంటనే సమీప పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేయవలెను. స్వస్థలం చేరిన తరువాత చెప్పవచ్చునని జాప్యం చేయరాదు.

7. నూతన ప్రదేశంలో వరుసగా 30 రోజులకు మించి నివసించదలచి, ఆయుధాన్ని వెంట తీసుకువెళ్లినచో 30 రోజులలోగా అక్కడి లైసెన్సింగ్ అధికారికి, లైసెన్సు జారీ చేసిన అధికారికి సమాచారం పంపవలెను.

ఆయుధం అవసరం లేని ప్రయాణాలలో దానిని ఇంటి వద్ద తాళం వేసి భద్రపరచుటయో, డీలరు వద్ద డిపాజిట్ చేయుటయో అన్నిటికన్న సురక్షితమైన మార్గం. అవసరమున్న ప్రయాణాలలో ముందుగా సంబంధిత కార్యాలయాన్ని సంప్రదించి అనుమతులు పొందినచో లైసెన్సుదారునికి చిక్కులు తప్పుతాయి. తనిఖీ సిబ్బందికి శ్రమ తగ్గుతుంది. ఆయుధం అన్యుల పాలు కాకుండా ప్రజలకు రక్షణ చేకూరుతుంది.