రైలు పట్టాల నుంచి ఇంటి షెడ్డు దాకా: ప్రథమ చికిత్స పెట్టె పుట్టుపూర్వోత్తరాలు

ఫ్యాక్టరీ గోడకు తగిలించే ప్రథమ చికిత్స పెట్టెలో ఏమేం ఉండాలో కేంద్ర ప్రభుత్వం నమూనా నిబంధనలు రాసి రాష్ట్రాలకు ఇచ్చింది. పదిమందికి మించని చోటికి చిన్న పెట్టె చాలు. అందులో శుద్ధి చేసిన చిన్న కట్లు ఆరు, మధ్యరకానివి మూడు, పెద్దవి మూడు, కాలిన గాయాలకు వేసే పెద్ద కట్లు మూడు, అయొడిన్ ద్రావణం సీసా, కత్తెర, వంద ఆస్పిరిన్ మాత్రలు ఉండాలి. ఇంతవరకు బాగానే ఉంది. అదే జాబితాలో పాము కరిచినచోట గాటు పెట్టే చిన్న కత్తి ఒకటి, పొటాషియం పర్మాంగనేట్ పలుకులు 30 గ్రాములు కూడా కనిపిస్తాయి. లేతులు, డ్రిల్లింగ్ మిషన్లు తిరిగే చోట పాము కత్తికి ఏం పని?

దీని మూలం బ్రెజిల్‌లో ఉంది. పర్మాంగనేట్ పాము విషాన్ని విరిచేస్తుందని 1881లో లసెర్డా అనే శాస్త్రవేత్త ప్రకటించాడు. గాజు గొట్టంలో కలిపితే నిజంగానే విరుస్తుంది. కండలోకి, నెత్తురులోకి పాకిపోయిన విషాన్ని మాత్రం అందుకోలేదు. అయినా ఆ ఆశ చావలేదు. 1904లో లాడర్ బ్రంటన్, జోసెఫ్ ఫేరర్, లియొనార్డ్ రోజర్స్ కలిసి ఈ పద్ధతి మీద ప్రయోగాలు చేసి లండన్ రాయల్ సొసైటీకి సమర్పించారు. వీళ్లలో ఫేరర్, రోజర్స్ ఇండియాలో ఏళ్ల తరబడి వైద్యం చేసినవాళ్లే. బ్రంటన్ పేరుతో ఒక చిన్న పనిముట్టు కూడా వచ్చింది. చెక్క గొట్టానికి ఒక కొసన కత్తి మొన, రెండో కొసన పలుకులు దాచే గూడు. కరిచినచోట కోసి, పలుకులు రుద్దాలి. చవక కాబట్టి ఇండియాలో విరివిగా వాడారు.

ఇప్పుడు ఏ డాక్టరూ ఆ పని చెయ్యనివ్వడు. రక్తపింజర కాటేస్తే నెత్తురు గడ్డకట్టే గుణమే పోతుంది. అలాంటప్పుడు గాటు పెడితే ఆగని కారుడు మొదలవుతుంది. పలుకులు కండను కాల్చేస్తాయి. రక్తపింజరను ఇంగ్లిషువాళ్లు ఎవరి పేరుతో పిలుస్తారో ఆ పాట్రిక్ రస్సెల్ మన విశాఖపట్నంలో ఉండి, కోరమండల్ తీరం పాములను పోగుచేసి, 1796లో పుస్తకం అచ్చువేశాడు. పాములను గుర్తుపట్టడం మనకు రెండు శతాబ్దాల కిందటే మొదలైంది. కరిచాక చెయ్యాల్సిన పని తేలడానికే ఎక్కువ కాలం పట్టింది. ధైర్యం చెప్పడం, కరిచిన కాలో చెయ్యో కదలనివ్వకపోవడం, యాంటీవెనమ్ ఉన్న ఆస్పత్రికి చేర్చడం, ఇంతే. ఈ సంగతి తేలిపోయినా 1904 నాటి కత్తి మాత్రం నిబంధనల జాబితాలో మిగిలిపోయింది.

ఇంట్లో చిన్న షెడ్డు పెట్టుకుని వెల్డింగో వడ్రంగమో చేసుకునేవాళ్లకు ఈ చరిత్ర తెలిసి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. పెట్టెలో ప్రతి వస్తువూ ఏదో ఒక కాలంలో, ఎవరికో వచ్చిన ఏదో ఒక ఆపదకు మందుగా అందులోకి చేరింది. ఏది ఎందుకు వచ్చిందో తెలియకపోతే ఏది తీసెయ్యాలో, ఏది కొత్తగా చేర్చాలో తెలియదు. దుకాణంలో దొరికే రెడీమేడ్ డబ్బా మన షెడ్డును చూసి తయారైంది కాదు కదా.

గాయానికి కట్టు కట్టడం మనకు కొత్త కాదు. సుశ్రుతుడు వ్రణ చికిత్సకు అరవై ఉపక్రమాలు చెప్పాడు, కట్లలో పద్నాలుగు రకాలు చెప్పాడు. పల్లెల్లో కొడవలితో తెగితే గాయపాకు నలిపి పసరు పిండడం నిన్నమొన్నటి దాకా ఉంది. వైద్యుడు కానివాడికి నాలుగు పనులు పద్ధతిగా నేర్పి, చేతికి ఒక పెట్టె ఇవ్వాలన్న ఆలోచన మాత్రం పంతొమ్మిదో శతాబ్దం చివరిది.

అది యుద్ధంలో పుట్టి రైలు పట్టాల మీద పెరిగింది. జర్మన్ సైనిక శస్త్రవైద్యుడు ఫ్రీడ్రిక్ ఎస్మార్క్ మూడుకోణాల గుడ్డ మీదే దాన్ని ఎలా కట్టాలో బొమ్మలు అచ్చువేయించాడు. చదువురాని సిపాయి కూడా చూసి కట్టుకునేలా చేసిన ఏర్పాటది. మన ఛత్తీస్‌గఢ్‌లో మేస్త్రీ నుంచి రైతు దాకా అందరి భుజాల మీదా ఉండే గమ్ఛాను కొసకు కొస మడిస్తే దాదాపు అదే ఆకారం వస్తుంది, విరిగిన చేతిని మెడకు వేలాడదీయడానికి అంతకంటే మంచి గుడ్డ అక్కర్లేదు. ఇంగ్లండులో 1877లో సెయింట్ జాన్ అంబులెన్స్ అసోసియేషన్ ఏర్పడింది. మరుసటి ఏడాది పీటర్ షెపర్డ్ అనే సైనిక వైద్యుడు మామూలు జనానికి తరగతులు చెప్పి, పాఠాల పుస్తకం తయారుచేశాడు. 1879 జనవరి 22న దక్షిణాఫ్రికాలో, ఇసాండ్ల్‌వానా యుద్ధంలో ఆయన చనిపోయాడు. పుస్తకాన్ని స్నేహితుడు జేమ్స్ కాంట్లీ పూర్తిచేసి అచ్చుకు పంపాడు. గని కార్మికులు, రైల్వే కార్మికులు ఆ తరగతులను అందిపుచ్చుకున్నారు.

పెట్టె సంగతి అమెరికాది. జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ చెప్పుకునే చరిత్ర ప్రకారం, వ్యవస్థాపకుడు రాబర్ట్ వుడ్ జాన్సన్ కొలరాడో వెళ్లే రైల్లో ఒక రైల్వే కంపెనీ ప్రధాన వైద్యుడితో మాటల్లో పడ్డాడు. కొండల్లో పట్టాలు వేసేవాళ్లు కాళ్లూ చేతులూ నలిగిపోయి, ఆస్పత్రికి చేరేలోపే ప్రాణాలు వదులుతున్నారని ఆయన చెప్పాడట. 1888లో ఆ కంపెనీ రైల్వేల కోసం మొదటి ప్రథమ చికిత్స పెట్టెలను అమ్మకానికి పెట్టింది. డాక్టరుకూ గాయానికీ మధ్య ఉన్న దూరమే ఆ పెట్టెకు కారణం.

ఆ ఏడాదికి కాస్త ముందే, 1887లో, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఏర్పడింది. రాయపూర్ మీదుగా పెద్ద లైను వేసింది అదే. 1931 నాటికి రాయపూర్ నుంచి మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం మీదుగా విజయనగరం దాకా లైను పూర్తయింది. అడవులు, కొండలు, ఊరికీ ఊరికీ మైళ్ల దూరం. ఉత్తరాంధ్ర వాళ్లు రాయపూర్ రావడానికి అదే దారి అయింది. రైల్వేలోనూ, వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపులోనూ, తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారంలోనూ కుదురుకున్న తెలుగు కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. ఆ వ్యాగన్ వర్క్‌షాపు వాళ్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీ వైపు వెళితే తెలుగు మాట వినపడకుండా ఉండదు. రైల్వేలో సెయింట్ జాన్ వారి శిక్షణ పాత రివాజు. గార్డు పెట్టెలో కట్లు ఉండేవి, స్టేషన్ మాస్టర్‌కు కట్టు కట్టడం వచ్చి ఉండేది. షిఫ్టులో నేర్చిన పని ఇంటికీ వచ్చింది. ఉద్యోగం చేస్తూనో రిటైరయ్యాకో పెరట్లో రేకుల షెడ్డు వేసి, వైసు బిగించి, గ్రైండర్, వెల్డింగ్ సెట్ కొనుక్కుని గ్రిల్లులూ గేట్లూ చేసేవాళ్లు చాలామంది. పని వచ్చింది, పనిముట్లు వచ్చాయి. గోడ మీది పెట్టె మాత్రం వర్క్‌షాపు గోడమీదే ఉండిపోయింది.

దానికి కారణం చట్టం లెక్కలో ఉంది. 1881లో వచ్చిన మొదటి ఫ్యాక్టరీ చట్టం వందమంది పనివాళ్లున్న చోటికే వర్తించింది. 1891లో ఆ సంఖ్య యాభైకి, 1922లో ఇరవైకి దిగింది. 1948 చట్టం కరెంటు వాడే చోట పదిమంది ఉన్నా చాలంది. అరవై ఏడేళ్లలో వంద నుంచి పదికి దిగిన లెక్క, 2020 నాటి కొత్త కార్మిక భద్రతా స్మృతిలో మళ్లీ ఇరవైకి ఎక్కింది. కరెంటు లేనిచోట నలభై. ఒక్కడే పనిచేసుకునే షెడ్డు దాకా ఈ లెక్క ఎన్నడూ దిగలేదు, దిగదు కూడా. ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల్లోని పెద్ద రోలింగ్ మిల్లుకు ఇన్‌స్పెక్టర్ వస్తాడు. పెరటి షెడ్డుకు ఎవరూ రారు.

అయినా పాత 1948 చట్టంలోని 45వ సెక్షన్ చదవదగ్గది. నూట యాభైమందికి ఒక పెట్టె తగ్గకూడదు, నిర్ణయించిన వస్తువులు తప్ప మరేవీ అందులో పెట్టకూడదు, శిక్షణ పత్రం ఉన్న ఒక మనిషి దాని బాధ్యత చూడాలి, పని వేళల్లో ఆ మనిషి అందుబాటులో ఉండాలి అని అందులో రాశారు. రెండో నియమం ఎంత అనుభవంతో రాశారో షెడ్డుల్లోని డబ్బాలు తెరిచి చూస్తే తెలుస్తుంది. మేకులు, సగం వాడిన ఫెవిక్విక్, డ్రిల్లు బిట్లు, ఎప్పటిదో తెలియని దూది. నమూనా నిబంధనలు పెట్టె మీద ఎర్ర శిలువ గుర్తు వెయ్యమన్నాయి, 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టమేమో ఆ గుర్తును అనుమతి లేకుండా వాడొద్దంది. ఇంటి పెట్టెకు ఆకుపచ్చ రంగు వేసి మధ్యలో తెల్ల శిలువ గీస్తే ప్రపంచమంతటా అర్థమవుతుంది.

ఇక వస్తువులు. షెడ్డులో వచ్చే ఆపదలు నాలుగైదే: తెగడం, కాలడం, కంట్లో పడడం, కరెంటు, వేలు పోవడం.

తెగిన గాయానికి ముందు కావాల్సింది మందు కాదు, ఒత్తిడి. శుభ్రమైన గాజ్ గుడ్డ మందంగా పెట్టి పది నిమిషాలపాటు వదలకుండా అదిమి పట్టాలి. మధ్యమధ్య ఎత్తి చూడకూడదు. పాత జాబితాలోని స్పిరిట్ అయొడిన్ మండించి చంపేది. 1955లో కనిపెట్టిన పొవిడోన్ అయొడిన్ దాని స్థానంలోకి వచ్చింది. ఆస్పిరిన్ నెత్తురును పలచబరుస్తుంది కాబట్టి రక్తం కారుతున్న మనిషికి ఇవ్వకూడదు. చిన్న గీతలకు అతికించుకునే పట్టీలు 1920లో వచ్చాయి. జాన్సన్ కంపెనీ ఉద్యోగి ఎర్ల్ డిక్సన్, వంటింట్లో తరచూ వేళ్లు కోసుకునే భార్య ఒంటిచేత్తో వేసుకోగలిగేలా వాటిని తయారుచేశాడు. ఒంటరిగా పనిచేసేవాడికి కావాల్సిన గుణం అదే. పెట్టెలో ప్రతిదీ ఒంటిచేత్తో తెరుచుకునేలా ఉండాలి, తాళం ఉండకూడదు.

కాలినచోట ఇరవై నిమిషాలు చల్లటి ధార. పేస్టూ, కాఫీపొడీ, ఐసూ వద్దు. అయితే రాయపూర్‌లో ఇందులో ఒక చిక్కుంది. మే చివర్లో నౌతపా తొమ్మిది రోజులు, పగలు 45 డిగ్రీల దగ్గర, మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. ఆ కుళాయి కింద కాలిన చెయ్యి పెడితే గాయం మీద గాయం. అందుకని ఆ కాలంలో షెడ్డు నీడలో ఒక పెద్ద కుండ నీళ్లు, ముంచడానికి మగ్గు ఉండి తీరాలి. అదే ఎండకు రేకుల కింద పట్టీల జిగురు కారిపోతుంది, మందులు పాడవుతాయి. కాబట్టి పెట్టె స్థానం షెడ్డు లోపల కాదు, ఇంట్లోకి వెళ్లే గుమ్మం పక్కన, ఛాతీ ఎత్తులో.

కంట్లో రజను పడితే పక్కవాడు అగ్గిపుల్లతోనో కాగితం మొనతోనో తీయడం మెకానిక్కుల అలవాటు. అది మానాలి. మందుల షాపులో దొరికే అరలీటరు సెలైన్ సీసా ఒకటి పెట్టెలో ఉంచి, దాంతో కడిగి, ఇంకా గరగరలాడితే కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అద్దం లేకుండా వెల్డింగ్ చూసిన కన్నుకు నొప్పి అప్పుడే రాదు, కొన్ని గంటలు గడిచి రాత్రికి మొదలవుతుంది. బంగాళాదుంప చెక్కలు పెట్టుకుని తెల్లారేదాకా ఓర్చుకునేవాళ్లు ఎందరో.

వేలు తెగిపడితే ఒకప్పుడు చేసేదేమీ లేదు. 1965లో జపాన్‌లోని నారాలో కొమాత్సు, తమాయ్ అనే వైద్యులు పూర్తిగా తెగిపోయిన బొటనవేలిని తిరిగి అతికించారు. ఆనాటి నుంచి పెట్టెలోకి ఒక కొత్త వస్తువు రావాల్సి ఉంది: ఖాళీ ప్లాస్టిక్ సంచి. తెగిన భాగాన్ని తడి గాజ్ గుడ్డలో చుట్టి, సంచిలో వేసి మూతి కట్టి, ఆ సంచిని ఐసు మీద పెట్టాలి. ఐసు నేరుగా తగలకూడదు. ఏ పాత జాబితాలోనూ ఇది లేదు.

కరెంటు దెబ్బకు పెట్టెలో మందే లేదు. ముందు మెయిన్ స్విచ్ ఆపాలి, ఆపకుండా మనిషిని తాకకూడదు. ఊపిరి, గుండె ఆగితే ఛాతీ నొక్కడం మొదలెట్టాలి. ఈ పద్ధతి లోకానికి తెలిసింది 1960లో, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ నుంచి. కనిపెట్టిన ముగ్గురిలో విలియం కౌవెన్‌హోవెన్ డాక్టరు కాదు, ఎలక్ట్రికల్ ఇంజినీరు. స్తంభాలెక్కి తీగలు కట్టే కార్మికులు షాకు కొట్టి చనిపోతుంటే దాని మీద మొదలైన పరిశోధన అది. కార్మికుడి చావు నుంచి పుట్టిన ఈ విద్య షెడ్డు ఉన్న ఇంట్లో పనిచేసేవాడికి వస్తే చాలదు. పడిపోయేది అతనే కాబట్టి భార్యకో, కొడుక్కో, కోడలికో వచ్చి ఉండాలి. మెయిన్ స్విచ్ ఎక్కడుందో కూడా వాళ్లకు తెలియాలి.

పెట్టె మూత లోపలివైపు ఒక కాగితం అంటించాలి. ధనుర్వాతం ఇంజెక్షన్ ఆఖరున ఎప్పుడు వేయించుకున్నదీ, రక్తం గ్రూపు, ఏ మందు పడదో, టాటీబంద్ ఎయిమ్స్‌కు వెళ్లాలా, మేకాహారా ఆస్పత్రికా, చెయ్యి నలిగితే ప్లాస్టిక్ సర్జరీ ఉన్న డీకేఎస్ ఆస్పత్రికా అన్నదీ ముందే ఆలోచించి రాయాలి. అన్నిటికంటే పైన 108. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ అంబులెన్స్ సేవ 2011లో సంజీవని ఎక్స్‌ప్రెస్ పేరుతో ఛత్తీస్‌గఢ్‌కు వచ్చింది. నంబరు కింద ఇంటి చిరునామా, దగ్గరి గుర్తు హిందీలో పెద్ద అక్షరాలతో ఉండాలి, ఎందుకంటే ఆ వేళకు ఫోను పట్టుకునేది పక్కింటివాళ్లు కావచ్చు.